చెవికి అందని అక్షరం

పిల్లల నోటుబుక్కుల్లో కనిపించే అక్షరదోషాలను ఏం చేయాలన్న ప్రశ్నకు మన బడుల్లో రెండు జవాబులే వినిపిస్తాయి. ఇంపోజిషన్ రాయించడం ఒకటి, చూసీ చూడనట్టు వదిలేయడం మరొకటి. మొదటిది పిల్లల చేతిని అలసిపోయేలా చేస్తుంది, రెండోది వాళ్లకు రావలసిన చదువును రానివ్వదు. మాట ఎలా రాయాలో నేర్పడానికి మూడో దారి ఉంది, అది అర్థం గుండా వెళ్తుంది. ఆ దారి గురించి ఇద్దరు ఉపాధ్యాయులు వాదించుకుంటే ఎలా ఉంటుందో కింద రాశాను. ఒకరు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే టీచరు, మరొకరు అదే బడిలో వయసులో పెద్దవారైన తెలుగు మాస్టారు. ఇద్దరూ కల్పితులే. వాదాలు మాత్రం ఏ స్టాఫ్ రూములోనైనా వినిపించేవే.

సైన్స్ టీచరు: మాస్టారూ, నా సంగతి ముందే చెప్పేస్తాను. అక్షరదోషాలకు నేను మార్కులు తీయను. మొక్కలు ఆకుల నుంచి నీటిని ఆవిరి రూపంలో వదులుతాయని ఒక పిల్ల సొంత మాటల్లో రాసింది, దాని పేరు మాత్రం 'భాష్పోత్సేకం' అని మొదటి అక్షరానికి ఒత్తు పెట్టి రాసింది అనుకోండి. ఆ పిల్లకు విషయం వచ్చినట్టా, రానట్టా? వచ్చినట్టే. ఆ ఒత్తు చుట్టూ నేను ఎర్ర సిరాతో సున్నా చుడితే వచ్చేసారి ఏం చేస్తుంది? సొంత వాక్యం మానేసి గైడులో వాక్యం బట్టీపట్టి దించుతుంది. తప్పు పోతుందేమో గానీ దానితోపాటు ఆలోచన కూడా పోతుంది. రాయడానికి భయపడే మాటను పిల్లలు అసలు వాడరు, తెలిసిన చిన్న మాటతో సరిపెట్టుకుంటారు. స్పెల్లింగు రుద్దడం దండగన్న మాట ఈనాటిది కూడా కాదు. అమెరికాలో జోసెఫ్ మేయర్ రైస్ వేలాది పిల్లలను పరీక్షించి 1897లోనే ఆ మాట రాశాడు. రోజుకు నలభై, యాభై నిమిషాలు స్పెల్లింగు వల్లె వేయించిన బడులు పది, పదిహేను నిమిషాలతో సరిపెట్టిన బడుల కంటే మెరుగ్గా లేవని తేల్చాడు. నూట పాతికేళ్లు దాటినా మనం ఇంకా ఒకే మాటను పదిసార్లు రాయిస్తున్నాం.

తెలుగు మాస్టారు: ఇంపోజిషన్ విషయంలో మీతో నాకు పేచీ లేదమ్మా. రైస్ తేల్చింది రుద్దుడు వృథా అని. స్పెల్లింగు నేర్పడమే వృథా అని ఆయన అనలేదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మన వాదన దారి తప్పుతోంది. స్టీవ్ గ్రాహం, టాన్యా శాంటాంజెలో అనే ఇద్దరు పరిశోధకులు 2014లో 53 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. వాటిలో శిశు తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా 6,037 మంది పిల్లలున్నారు. స్పెల్లింగును పద్ధతి ప్రకారం నేర్పిన పిల్లలు, దానంతట అదే వస్తుందని వదిలేసిన పిల్లల కంటే మెరుగ్గా రాశారు. నేర్చుకున్నది కొంతకాలం గడిచినా నిలిచింది, సొంతంగా రాసేటప్పుడు కూడా ఉపయోగపడింది. అంతకన్నా ముఖ్యంగా వాళ్ల చదివే శక్తి కూడా పెరిగింది. ఇక మీ బాష్పోత్సేకం సంగతి. ఆ పిల్లకు విషయం వచ్చిందన్నారు, ఒప్పుకుంటాను. కానీ ఆ పేరు ఆ పిల్లకు ఒక పొడుగాటి శబ్దంగానే మిగిలింది. బాష్పం అంటే ఆవిరి, కన్నీరు. ఆనందబాష్పాలు అన్న మాట ఆ పిల్ల ఎక్కడో ఒకచోట వినే ఉంటుంది. నీరు ఆవిరి కావడాన్ని బాష్పీభవనం అంటారని భౌతికశాస్త్రంలో చదువుతుంది. ఈ మూడింటిలో ఉన్నది ఒకే ముక్క అని తెలిస్తే ఒత్తు లేని బ దానంతట అదే కుదురుకుంటుంది, మూడు పాఠాలూ ఒకదానికొకటి అందుతాయి. అక్షరం తప్పిందంటే ఆ చుట్టరికం పిల్లకు కనబడలేదన్నమాట. ఆ తప్పుకు మార్కు తీయమని నేను అనను. ఎక్కడ చెప్పాల్సింది మిగిలిపోయిందో ఆ తప్పు మీకు చూపిస్తోందంటాను.

సైన్స్ టీచరు: మీరు చెప్పే చుట్టరికాలు సంస్కృతం వచ్చినవాళ్లకు కనిపిస్తాయి మాస్టారూ. మా తరగతిలో కూర్చునే పిల్లల ఇళ్లలో ఒత్తక్షరాలు ఎవరూ పలకరు. ఆ మాటకొస్తే తెలుగువాళ్లలో చాలామంది పలకరు. కథ, కధ, కద అన్నీ చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి. పలుకుబడిలో లేని ఒత్తును రాతలో అడగడం, చదువుకున్న కుటుంబాల పిల్లలకు ఒక మెట్టు ఎక్కువ ఇచ్చి మిగతావాళ్లను కింద నిలబెట్టడమే. ఒత్తు పలకలేదని ఎగతాళి చేయడం మన సమాజంలో కొత్తా? పైగా మనం గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. జనం మాట్లాడని భాషను పిల్లల మీద మోపొద్దనే కదా ఆయన జీవితమంతా పోరాడింది! బాష్పోత్సేకం లాంటి మాటలు పెట్టడమే తప్పంటాను. మొక్కల్లోంచి నీరు ఆవిరవడం అంటే ఎవరికి అర్థం కాదు?

తెలుగు మాస్టారు: ఆవిరి అని మొదలుపెట్టండమ్మా, అదే మంచి పద్ధతి. కానీ ఆ పిల్ల రేపు పరీక్ష పేపర్లోనూ, పై తరగతి పుస్తకంలోనూ చూసేది బాష్పోత్సేకాన్నే. దాన్ని దాచిపెట్టి మనం ఆ పిల్లకు చేసే మేలేమీ లేదు. గిడుగు అడిగింది శిష్ట వ్యావహారికాన్ని, అంటే చదువుకున్నవాళ్లు నిత్యం వాడే భాషను. నేర్చుకునేవాళ్లకు అర్థమయ్యే చదువు ఉండాలన్నది ఆయన పట్టుదల. నా పట్టుదల కూడా అదే. ఇక చెవి సంగతి. తెలుగు రాతలో చాలా భాగం చెవి నమ్మదగినదే. గడికీ గడ్డికీ, పడుకీ పాడుకీ, కలకీ కళకీ తేడా వినబడుతుంది. వినగలిగిన పిల్ల గుణింతం, ఒత్తులు సాధన చేస్తే రాయగలుగుతుంది. చెవి చాలని చోట్లు కొన్నే. ఒత్తక్షరాలు, శ ష స ల తేడా, ఋ రు ల తేడా అక్కడికి వస్తాయి. ఈ చిక్కులున్న మాటలేవో చూడండి. ఇంట్లో అన్నం, నీళ్లు, గొడ్డూ గోదా గురించి మాట్లాడుకునే మాటల్లో అవి చాలా అరుదు. లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రం పుస్తకాల్లోని సంస్కృత పదాల్లోనే దాదాపు అన్నీ ఉన్నాయి. అంటే పిల్లకు ఏ మాట అర్థం కొత్తో ఆ మాట దగ్గరే చెవి కూడా చేతులెత్తేస్తోంది. అలాంటప్పుడు పదిసార్లు రాయించడం వల్ల ఉపయోగమేముంది? చెవి ఇవ్వలేని సాయం అర్థమే ఇవ్వాలి.

వ్యాసార్ధం అన్న మాటనే చూడండి. వ్యాసం, అర్ధం కలిసి వ్యాసార్ధం అయింది. వ్యాసంలో సగం అని అర్థం. సగాన్ని చెప్పే అర్ధానికీ, భావాన్ని చెప్పే అర్థానికీ రాతలో తేడా ఒక్క చుక్క. మన నోట్లో రెండూ ఒకటే. అర్ధగంట, అర్ధచంద్రుడు, అర్ధవృత్తం, అర్ధగోళం అన్నీ సగాలే. అర్థశాస్త్రం, అర్థవంతం, పదార్థం మరో కుటుంబం. ఈ రెండు కుటుంబాలనూ ఒక్కసారి నల్లబల్ల మీద విడివిడిగా రాసి చూపిస్తే, వ్యాసార్ధం ఎంత అని అడిగినప్పుడు వ్యాసాన్ని రెండుతో భాగించాలన్న సంగతి ఆ మాటలోనే దొరుకుతుంది. సూత్రాన్ని విడిగా బట్టీపట్టాల్సిన పని లేదు. చుక్క పెట్టి వ్యాసార్థం అని రాసే పిల్లకు మాత్రం మాట వేరు, సూత్రం వేరు. విద్యార్థి కూడా అంతే. విద్యను కోరేవాడు కనుక విద్యార్థి. అభ్యర్థి, శరణార్థి, ప్రార్థన అదే కోవలోవి. విద్యార్ధి అని రాసి ఉన్న గోడలు మన బడుల్లోనే ఎన్ని లేవు! హోటళ్ల బోర్డుల మీద శాఖాహారం అని రాస్తారు. శాఖ అంటే కొమ్మ, శాకం అంటే కూర. శాకాహారమే సరైనది. మీ పాఠంలో శాకాహార జంతువులు వచ్చినప్పుడు ఈ ఒక్క మాట చెబితే, జంతువు ఏం తింటుందన్నదీ మాట ఎలా రాయాలన్నదీ ఒకేసారి తెలిసిపోతాయి.

మెట్టు గురించి అన్నారే, అది మీ వాదనలో అన్నిటికన్నా బలమైన మాట. నా జవాబు కూడా అక్కడే ఉంది. ఎవరి పలుకుబడినీ బడి దిద్దకూడదు. ఒత్తు పలకలేదని పిల్లను నవ్వే మాస్టారు ఆ పిల్ల చదువుకు శత్రువు. కానీ పుస్తకాలున్న ఇంట్లో పిల్లకు ఈ అక్షరాలు చూసి చూసి అలవాటవుతాయి. పుస్తకాలు లేని ఇంటి పిల్లకు బడి తప్ప వేరే చోటు లేదు. బడి కూడా మనకెందుకులే అని వదిలేస్తే ఆ మెట్టు అలాగే ఉంటుంది, ఎక్కే దారి మాత్రం మూసుకుపోతుంది. అర్థం ద్వారా నేర్పితే నోటితో ఒత్తు పలకని పిల్ల కూడా వ్యాసార్ధాన్ని సరిగ్గా రాయగలదు. ఆ పిల్ల ఉచ్చారణను మనం ముట్టుకోనక్కర్లేదు.

సైన్స్ టీచరు: వ్యాసార్ధం బాగుంది, కాదనను. అది మీకు అనువుగా దొరికిన మాట. నాకున్నది నలభై అయిదు నిమిషాల పీరియడు, ఎదురుగా వాచకం తడబడుతూ చదివే పిల్లలు. మూడో తరగతికల్లా పిల్లలందరికీ చదవడం, రాయడం రావాలని 2021లో నిపుణ్ భారత్ మొదలుపెట్టాల్సి వచ్చిందంటే పునాది ఎలా ఉందో మీకూ తెలుసు. ఆ పిల్లల ముందు మాటల కుటుంబాలు పరిస్తే నా పాఠం ఎప్పుడు పూర్తవుతుంది? ఇంకో సంగతి. ఈ పిల్లలు పెద్దయ్యాక రాసేదంతా ఫోన్లోనే. సరైన మాటను ఫోనే ఇస్తుంది.

తెలుగు మాస్టారు: ఫోన్ ఇచ్చేది సూచనలే. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు తెచ్చుకునే కీబోర్డులో అర్థం, అర్ధం రెండూ వస్తాయి. రెండూ నిజమైన మాటలే కనుక తప్పని అది చెప్పదు. ఏది కావాలో ఎంచుకోవాల్సింది మనిషే, ఎంచుకోవాలంటే తేడా తెలియాలి. సమయం విషయంలో మీ ఇబ్బంది నిజమే. అందుకే చిన్న పని నుంచి మొదలుపెట్టమంటాను. 2008లో జూలీ రోసెంతాల్, లినియా ఎహ్రి ఒక ప్రయోగం ప్రచురించారు. రెండో తరగతి, ఐదో తరగతి పిల్లలకు తెలియని మాటలు కొన్ని నేర్పారు. కొన్ని మాటలకు అర్థం చెప్పి, పలికించి వదిలేశారు. కొన్ని మాటలకు అదంతా చేస్తూ రాసిన రూపాన్ని కూడా కళ్ల ముందు ఉంచారు. అక్షరాలు గమనించమని పిల్లలకు చెప్పలేదు. అయినా రాసిన రూపం చూసిన మాటలే, పలుకుతో సహా, అర్థంతో సహా, బాగా గుర్తున్నాయి. అంటే స్పెల్లింగు అర్థానికి అడ్డం రాలేదు, దాన్ని పట్టి నిలిపింది. మీరు పాఠంలో కొత్త మాటను నోటితో చెప్పేటప్పుడే నల్లబల్ల మీద పెద్దగా రాసి, ముక్కలుగా విడదీసి, వేలితో చూపుతూ పిల్లల చేత పలికించండి. కిరణజన్య సంయోగక్రియ అని గబగబా అనేస్తే అది మంత్రంలా ఉంటుంది. కిరణాల వల్ల పుట్టేది కిరణజన్యం, కలవడం సంయోగం, పని క్రియ అని విడదీస్తే సగం పాఠం అయిపోయినట్టే. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు మీ పాఠంలో భాగమే.

తడబడే పిల్లల గురించి ఇంకొక్క మాట. మన లిపిలో హల్లు మీద గుణింతం, కింద ఒత్తు చేరి వందల రూపాలవుతాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద పరిశోధించిన సొనాలి నాగ్, ఈ అక్షరాల మీద పట్టు ఒకటి రెండేళ్లలో వచ్చేది కాదనీ, ప్రాథమిక పాఠశాల పై తరగతుల దాకా నేర్చుకుంటూనే ఉంటారనీ చూపించారు. మనం ఒకటో తరగతిలో వర్ణమాల, గుణింతాలు అయిపోయాయనుకుని చేతులు దులుపుకుంటాం. ఆ తర్వాత ఆరో తరగతిలో తప్పులు చూసి పిల్లలను తిడతాం. వాళ్లకు ఇంకా నేర్పాల్సింది ఉంది, అంతే.

సైన్స్ టీచరు: మరి ఏ తప్పును తప్పనాలి? అరసున్న పోయింది, బండి ఱ పోయింది, కొంప మునగలేదు. చేశాడు, చేసాడు రెండూ పత్రికల్లోనే కనిపిస్తాయి. వెళ్లి అని ఒకరు, వెళ్ళి అని ఇంకొకరు రాస్తారు. రేపు కథ కూడా కధ అయిపోతే అయ్యే నష్టమేమిటి?

తెలుగు మాస్టారు: రాత మారుతుంది, మారాలి కూడా. అరసున్న, బండి ఱ పోయినా మాట గుర్తుపట్టడానికి మనకు ఇబ్బంది రాలేదు, అందుకే అవి చల్లగా వెళ్లిపోయాయి. చేశాడు, చేసాడు దగ్గర పిల్లను ఆపేవాళ్లు ఆ పిల్ల సమయాన్ని దోచుకుంటున్నారు. తప్పులన్నీ ఒక బరువు కావన్నదే నేను చెప్పేది. హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు తప్పితే మాటే మారిపోతుంది, చదివేవాడికి ఆగాల్సి వస్తుంది. వాటిని చిన్న తరగతుల్లోనే చెవి సాధనతో సరిచేయాలి. పాఠంలోని కీలకమైన మాటల్లో అర్థాన్ని తెంచేసే తప్పులను మీరూ నేనూ కలిసి పట్టుకోవాలి. వృ, వ్రు లాంటివి ఈ కోవలోవే. మృతి మరణం, స్మృతి స్మరణ, వృత్తం ఆవర్తనం అని జంటలుగా చూపిస్తే ఋ ఉన్నచోట పక్క మాటలో అర్ వస్తుందని పిల్లలే పట్టేస్తారు. మీరు రసాయనశాస్త్రంలో చెప్పే ఆవర్తన పట్టికకు ఆ పేరెందుకు వచ్చిందో కూడా అక్కడే తెలుస్తుంది. మిగతావి ఆగొచ్చు. ఒక పేజీలో ఇరవై సున్నాలు చుట్టి ఇవ్వడం కన్నా ఈ వారం రెండు మాటలు చాలు.

దిద్దే పద్ధతి కూడా మారాలి. థామస్ హార్న్ 1947లోనే చూపించిన సంగతి ఇది. డిక్టేషన్ చెప్పిన వెంటనే పిల్లలే సరైన రూపం చూసుకుని తమ తప్పు తామే దిద్దుకుంటే, స్పెల్లింగు నేర్చుకోవడంలో ఎక్కువ భాగం అక్కడే జరుగుతుంది. మనం డిక్టేషన్ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లి, దిద్ది, వారం తర్వాత మార్కులతో తిరిగిస్తాం. అప్పటికి ఆ మాట ఎందుకలా రాసిందో పిల్లకే గుర్తుండదు. చూసి పదిసార్లు దించడంలో కళ్లకూ చేతికీ పని ఉంది గానీ జ్ఞాపకానికి లేదు. చూడకుండా ఒక్కసారి రాసి, వెంటనే సరిచూసుకోవడంలో ఉంది.

సైన్స్ టీచరు: ఇప్పుడు మా పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పరీక్ష చాలామంది ఇంగ్లీషులోనే రాస్తున్నారు. తెలుగులో చెవి కొంతైనా పనికొస్తుందన్నారు. ఇంగ్లీషులో ఒక లెక్కాపత్రమే లేదు. అక్కడ బట్టీ తప్ప ఇంకేం చేస్తారు?

తెలుగు మాస్టారు: అక్కడే అర్థం ఇంకా ఎక్కువ కావాలి. సైన్ అన్న మాటలో పలకని జీ ఎందుకుందని పిల్ల అడిగితే సిగ్నల్, సిగ్నేచర్ పక్కన రాసి చూపండి. ఆ రెండింటిలో జీ వినబడుతుంది, మూడింటికీ గుర్తు అన్న అర్థమే మూలం. వాక్డ్‌లో ట్, ప్లేడ్‌లో డ్, వాంటెడ్‌లో ఇడ్ అని మూడు రకాలుగా వినబడినా రాత మాత్రం ఎప్పుడూ ఈ, డీ అన్న రెండు అక్షరాలే, ఎందుకంటే అక్షరాలు చెప్పేది జరిగిపోయిన పని అని. ఫోటోసింథసిస్‌లో ఫోటో అంటే వెలుగు, ఫోటోగ్రాఫ్‌లో ఉన్నదీ అదే. ఎదురు పేజీలో కిరణం ఉంది చూడండి. రెండు పేజీలూ ఒకే సంగతి చెబుతున్నాయని పిల్లకు తెలియడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు కనిపించదు. అమెరికాలో 1925 నుంచి జరుగుతున్న జాతీయ స్పెల్లింగ్ బీలో తెలుగు కుటుంబాల పిల్లలు కూడా రాణిస్తున్నారని పత్రికల్లో చదివి సంతోషిస్తాం. వేదిక మీద ఆ పిల్లలు ఏం చేస్తారో గమనించం. మాట వినగానే వాళ్లు అర్థం అడుగుతారు, ఏ భాష నుంచి వచ్చిందని అడుగుతారు, వాక్యంలో వాడి చూపమంటారు. ఆ తర్వాతే అక్షరాలు చెబుతారు. ఇంగ్లీషులోనూ బట్టీ ఒక్కటే చాలదు.

సైన్స్ టీచరు: ఒక సంగతి మిగిలింది. ఎంత నేర్పినా అక్షరాలు తారుమారయ్యే పిల్లలుంటారు. తెలివి తక్కువై కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది కూడా. వాళ్ల జవాబు పత్రం మీద మీ పద్ధతి ఏం చేస్తుంది?

తెలుగు మాస్టారు: వాళ్లకు పరీక్షలో మినహాయింపు ఉండి తీరాలి, అందులో వాదన లేదు. కానీ మినహాయింపు ఇచ్చాం కదా అని నేర్పడం మానేయకూడదు. విడదీసి, నిదానంగా, అర్థంతో సహా చెప్పడం అందరికన్నా ఎక్కువ అవసరమైంది ఆ పిల్లలకే.

సైన్స్ టీచరు: అయితే మాస్టారూ, మార్కుల దగ్గర మాత్రం నేను కదలను. విషయం రాసిన పిల్లకు విషయానికి మార్కు పడాల్సిందే. కొత్త మాటలను విడదీసి చెప్పడం నా పని కాదని ఇన్నాళ్లూ అనుకున్నాను, అది నా పనేనని ఒప్పుకుంటున్నాను. మీరు కూడా ఒకటి చేయండి. మీ తెలుగు పీరియడ్లో డిక్టేషన్ మాటలు మీ వాచకం నుంచే తీసుకుంటున్నారు. మా పాఠాల నుంచి, లెక్కల పాఠాల నుంచి కూడా తీసుకోండి.

తెలుగు మాస్టారు: తీసుకుంటానమ్మా. ఏ పాఠం ఎప్పుడు మొదలుపెడుతున్నారో ముందు వారమే చెప్పండి. బడి గోడ మీద విద్యార్ధి అని ఉన్నచోట విద్యార్థి అని దిద్దించమని హెడ్మాస్టరు గారిని ఇద్దరం కలిసి అడుగుదాం. పిల్లలు రోజూ ముందుగా చదివేది దాన్నే.